అరుదైన ఇంటిపేరు ఆనవాలు పట్టాలంటే

సంపాదకులకు నమస్కారం.

ఇంటిపేర్ల గురించి పత్రికలకు వచ్చే ఉత్తరాలు చాలామటుకు ఒకే దారిన నడుస్తున్నాయి. పేరును రెండు ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్కకు నిఘంటువులో అర్థం చూస్తారు. ఆ అర్థానికి తగిన పూర్వీకుణ్ణి ఒకరిని నిలబెడతారు. పదిమందికీ ఉన్న ఇంటిపేరైతే కాదనేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. అరుదైన ఇంటిపేరుకు ఆ అడ్డు లేదు కాబట్టి కల్పించిన కథే ఒకటి రెండు తరాల్లో చరిత్రగా స్థిరపడిపోతుంది. పాత రెవెన్యూ కాగితాల మధ్య పనిచేసేవాళ్లం కనుక ఈ పని అసలు ఎలా చేయాలో, ఎక్కడ తప్పుతుందో వివరంగా రాస్తున్నాం. కాస్త పొడవైనా ప్రచురించమని కోరుతున్నాం.

ముందుగా అందరికీ తెలిసిన ఒక పేరు చూద్దాం. బూర్గుల రామకృష్ణారావు గారు 1952 నుంచి 1956 వరకు హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి. బూర్గుల అనగానే బూరుగు చెట్ల వైపు మనసు పోతుంది. ఆయన కుటుంబం అసలు ఇంటిపేరు పుల్లంరాజు. షాద్‌నగర్ దగ్గరి బూర్గుల వాళ్ల స్వగ్రామం కావడంతో ఆ ఊరిపేరే ఇంటిపేరుగా నిలిచింది. ఊరికి ఆ పేరు చెట్ల వల్లే వచ్చి ఉండొచ్చు. అది ఊరి చరిత్ర, కుటుంబానికి దానితో సంబంధం లేదు. అర్థం పట్టుకుని వెళ్లినవాళ్లు చెట్టు దగ్గర ఆగిపోతారు, పుల్లంరాజు అనే పాత పేరు వాళ్లకు ఎప్పటికీ తగలదు.

తెలుగు ఇంటిపేర్లలో పెద్ద భాగం ఊళ్ల పేర్లే. ఊరిపేరు ఇంటిపేరు అయ్యేది సాధారణంగా ఆ ఊరు వదిలి వెళ్లాక. చిలుకూరులో ఉన్నవాళ్లను చిలుకూరివాళ్లని ఎవరూ అనరు, అందరూ చిలుకూరివాళ్లే కదా. పక్క ఊరికి పోయి స్థిరపడితే అక్కడివాళ్లు చిలుకూరివాళ్లంటారు. అందుకే మీ ఇంటిపేరున్న ఊరిలో మీ ఇంటిపేరువాళ్లు ఒక్కరూ లేకపోతే నిరాశపడనక్కర్లేదు. సాధారణంగా అలాగే ఉంటుంది. ఆ ఊరికి చుట్టుపక్కల ఊళ్లలో వెతకాలి.

ఊరిపేరు ఇంటిపేరులోకి వచ్చేటప్పుడు రూపం మార్చుకుంటుంది. విభక్తి చేరే ముందు మాట చివర వచ్చే మార్పులను వ్యాకరణంలో ఔపవిభక్తికాలంటారే, ఇ, టి, తి, అవే ఇక్కడ పనిచేస్తాయి. కందుకూరు కందుకూరి అవుతుంది. కొండవీడు కొండవీటి, గొట్టిపాడు గొట్టిపాటి, నిడమర్రు నిడమర్తి, మిన్నికల్లు మిన్నికంటి, ఓరుగల్లు ఓరుగంటి. కాబట్టి ఇంటిపేరు చివర టి, తి, రి ఉంటే దాన్ని వెనక్కి తిప్పి చూడాలి. ‘గంటి’ ఉన్నచోట గంటను వెతికితే పని చెడుతుంది, గల్లు వెతకాలి. పల్లి, గొండ, కుంట లాంటివి మారవు. తెలంగాణలో వనపర్తి లాంటి ఊళ్లు ఇప్పటికే పర్తితో ఉన్నాయి, వాటిని తిప్పకూడదు. తిప్పినది, తిప్పనిది రెండూ రాసిపెట్టుకుని ఊళ్ల జాబితాలో రెంటినీ చూడడం క్షేమం.

ఇక అసలు ప్రశ్న. మీ ఇంటిపేరు నిజంగా అరుదైనదేనా? వెతుకులాట మొదలుపెట్టే ముందు ఇది తేల్చుకోవాలి. అరుదైన ఇంటిపేర్లుగా కనబడేవాటిలో చాలావాటికి మూలం రాతలో దొర్లిన పొరపాటు. బడిలో చేర్చుకున్నప్పుడు పంతులు విన్నట్టు రాశారు, ఆ రాతే పదో తరగతి మెమోలోకి, అక్కడి నుంచి ఉద్యోగంలోకి, ఆధార్‌లోకి వచ్చింది. ఇంగ్లిషు స్పెల్లింగులో త, ట ఒకటే, ద, డ ఒకటే, ల, ళ ఒకటే, దీర్ఘాలు పోతాయి. ఆ స్పెల్లింగును మళ్లీ కంప్యూటరు తెలుగులోకి తిప్పితే మూడో పేరు పుడుతుంది. ఇలా పుట్టిన పేరుకు చరిత్ర వెతకడం వృథా. తాతకు ముందు తరం వాళ్ల సంతకం గాని, వేలిముద్ర పక్కన గుమాస్తా రాసిన పేరు గాని ఉన్న కాగితం ఒక్కటైనా చూసి, రూపం ఇదీ అని నిర్ధారించుకున్నాకే ముందుకు కదలాలి. అమ్మకం దస్తావేజు, ప్రామిసరీ నోటు, పాత శుభలేఖ, బడి అడ్మిషన్ రిజిస్టరు ఈ పనికి బాగా అక్కరకొస్తాయి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆస్తి దస్తావేజులకు రెండు సూచికలు ఉంటాయి. ఇండెక్స్-1 పేర్ల వారీది, ఇండెక్స్-2 ఆస్తి వారీది. ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ వివరాలు కంప్యూటరులో దొరికేవి 1983 నుంచి మాత్రమే. అంతకు ముందువాటికి ఇండెక్స్-1 పుస్తకమే తిరగేయించాలి.

పొరపాటు కాదని తేలాక కూడా అరుదుగా ఉండడానికి కారణాలు వేరువేరు. ఊరు చిన్నది, దాన్నుంచి కదిలింది ఒకే ఇల్లు కావచ్చు. పెద్ద వంశంలో ఒక శాఖకు మేడవాళ్లు, బావివాళ్లు, కోటవాళ్లు అని పిలుపు ఏర్పడి అదే ఇంటిపేరుగా మిగిలి ఉండొచ్చు. మగసంతానం లేక ఇల్లరికం, దత్తత నడిచి, పాత పేరు ఒక్క శాఖలోనే నిలిచి ఉండొచ్చు. దత్తత వెళ్లినవాడు పెంచినవాళ్ల ఇంటిపేరు తీసుకుంటాడు. ఇల్లరికపు అల్లుడు చాలా చోట్ల తన ఇంటిపేరే ఉంచుకుంటాడు, కాని ఊరివాళ్ల నోట మామ ఇంటిపేరుతో నడుస్తాడు, రెండో తరానికి రికార్డులోనూ అదే ఎక్కుతుంది. వంశవృక్షంలో హఠాత్తుగా ఇంటిపేరు మారితే మొదట అనుమానించాల్సింది ఇదే.

ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర తీసుకోవాల్సిన సమాచారం కొంత ఉంది. తద్దినాలు పెట్టే ఇళ్లలో తండ్రి, తాత, ముత్తాత పేర్లు, తల్లి వైపు మూడు తరాల పేర్లు పెట్టేవాళ్ల నోటికి వస్తాయి. అవి ముందు రాసుకోండి. తర్వాత మైల ఎవరెవరికి పడుతుందో అడగండి. పది రోజులు మైల పట్టే ఇళ్లు దగ్గరి దాయాదులు, మూడు రోజులు పట్టేవాళ్లు దూరపు దాయాదులు. ఇప్పుడు రాకపోకలు లేకపోయినా, ఎక్కడో పట్నంలో స్థిరపడినా, మైల కబురు పంపే ఇళ్ల జాబితా ఉంటుంది. మా అనుభవంలో పెద్దలు చెప్పే మూలపురుషుడి కథ కన్నా ఈ జాబితా ఎన్నో రెట్లు నమ్మదగింది. ఇంకొకటి, ఇలవేల్పు ఏ ఊళ్లో ఉంది, పెద్దల పండుగ ఎక్కడికి పోయి చేస్తారు, పిల్లల పుట్టు వెంట్రుకలు ఎక్కడ తీస్తారు అన్నది. ఇల్లు మారినా ఇలవేల్పును అంత తొందరగా మార్చరు. ఇంటిపేరు ఊరు, ఇలవేల్పు ఊరు ఒకే తాలూకాలో పడితే మీరు సరైన దారిలో ఉన్నట్టే.

ఒకే ఇంటిపేరు నాలుగైదు కులాల్లో కనబడితే కంగారు పడేవాళ్లు, గర్వపడేవాళ్లు, తగువు పెట్టుకునేవాళ్లు ఉన్నారు. ఊరిపేరుతో వచ్చిన ఇంటిపేరుకు అది సహజం. ఓరుగల్లు నుంచి బయలుదేరిన బ్రాహ్మణుడూ ఓరుగంటివాడే, రెడ్డీ ఓరుగంటివాడే. వాళ్లు చుట్టాలు కానక్కర్లేదు, ఒకప్పుడు ఒక ఊరివాళ్లు, అంతే. ఒకే కులంలో ఒకే ఇంటిపేరుండి గోత్రాలు వేరైతే అవి రెండు వేరు కుటుంబాలుగానే ముందు పరిగణించాలి. ఇంటిపేరు, గోత్రం రెండూ కలిసి, వాళ్ల మధ్య పెళ్లిళ్లు జరగని ఆచారం ఉంటే అప్పుడు ఒకే వంశమన్న మాటకు బలం వస్తుంది.

తరాల లెక్క పాడి చెప్పే వృత్తి కళాకారులు మనకున్నారు. కాపు, రెడ్డి కుటుంబాలకు పిచ్చకుంట్లవాళ్లు, పద్మశాలీలకు కూనపులివాళ్లు, సాధనాశూరులు, మాదిగలకు డక్కలివాళ్లు, విశ్వబ్రాహ్మణులకు రుంజవాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు. ఏ ఊళ్లు ఏ ఇంటివాళ్ల మిరాశీ, అంటే తరతరాల హక్కు, అన్నది వాళ్లలో వాళ్లకు పంపకం ఉంటుంది. కాబట్టి మీ ఊరి మిరాశీ ఉన్న కుటుంబాన్నే కలవాలి, వేరేవాళ్లను అడిగితే సాధారణ కథ మాత్రమే చెబుతారు. వాళ్లు చెప్పే గోత్రం, ఇంటిపేరు, ఊళ్ల వరస అమూల్యం. పురాణపురుషుల దాకా తీసుకుపోయే మొదటి భాగాన్ని పాటగా వినాలి, చివరి ఆరేడు తరాలను రికార్డు చేసి కాగితాలతో సరిచూడాలి. వాళ్లకు ఇవ్వాల్సిన త్యాగం, అంటే సంభావన, ఇచ్చి, వాళ్ల అనుమతితోనే రికార్డు చేయండి.

ఊరు గుర్తించడం తేలికనిపిస్తుంది గాని చిక్కులు అక్కడే ఎక్కువ. పాత రికార్డుల్లో ఇప్పటి జిల్లా పేర్లు ఉండవు. కరీంనగర్ జిల్లా 1905కు ముందు ఎల్గందల్. మహబూబ్‌నగర్‌కు 1890లో ఆ పేరు వచ్చింది, అంతకుముందు పాలమూరు. నిజామాబాద్ ఇందూరు. ఊరిపేరు మారినా ఇంటిపేరులో పాతది నిలిచిపోతుంది, కాబట్టి ఇప్పటి పటంలో కనబడలేదని వదిలేయకూడదు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, 2016లో జిల్లాలు విడిపోయాయి. మీ ఊరికి పాత తాలూకా ఏదో తెలియకుండా ఆర్కైవ్స్‌కు పోతే రోజంతా వృథా. ఒకే పేరున్న ఊళ్లు పక్కపక్కనే ఉంటే పెద్దదాన్ని బుజుర్గ్ లేదా కలాన్, చిన్నదాన్ని ఖుర్ద్ అని వేరుచేసేవాళ్లు, ఇంటిపేరులో ఆ తోక పోతుంది. కొత్తపల్లి, రామాపురం, వెంకటాపురం లాంటి పేర్లు ప్రతి తాలూకాలోనూ ఉంటాయి కనుక ఆ ఇంటిపేర్లకు ఊరిపేరొక్కటే ఆధారం కాజాలదు. ఇలవేల్పు, దాయాదుల ఆనవాళ్లు లేకుండా ఏ కొత్తపల్లో చెప్పడం కుదరదు.

అరుదైన ఇంటిపేర్లకు ముఖ్యంగా చూడాల్సినవి బేచిరాక్ గ్రామాలు. దీపం వెలగని ఊరని ఆ మాటకు అర్థం. కరువుకో, కలరాకో, చెరువు తెగిపోవడం వల్లో జనం లేచిపోయిన ఊరు రెవెన్యూ లెక్కల్లో మాత్రం గ్రామంగానే ఉంటుంది. దానికి హద్దులు, సర్వే నంబర్లు, పటం అన్నీ ఉంటాయి, ఇళ్లే ఉండవు. గూగుల్ మ్యాపులో దొరకదు, ఆర్టీసీ బస్సు ఆగదు. జనాభా లెక్కల వాళ్లు వేసే జిల్లా గ్రామాల జాబితాలో జనం లేని గ్రామమని రాసి కనబడుతుంది. 1951, 1961 నాటి జాబితాలు ఈ పనికి మంచివి. ఊరు ఒక్కసారిగా ఖాళీ అయితే అక్కడివాళ్లంతా చుట్టుపక్కల నాలుగు దిక్కులకూ చెదిరి ఆ ఊరిపేరే ఇంటిపేరుగా మోస్తారు. తర్వాత ఊరు ఆనవాలు లేక, ఆ ఇంటిపేరు ఎక్కడిదో ఎవరికీ తెలియక, అర్థాలు వెతకడం మొదలవుతుంది. జనాభా లెక్కల్లో మనుషుల పేర్లు దొరుకుతాయని ఆశపడే వాళ్లకు ఒక మాట: పేర్లున్న పత్రాలను మనకు చూపరు, ఊళ్ల సంఖ్యలే దొరుకుతాయి. పేర్ల వారీగా ఇంటిపేరు ఎక్కడెక్కడ విస్తరించిందో చూడడానికి పోలింగ్ కేంద్రాల వారీ ఓటర్ల జాబితాలు మేలు.

రికార్డులకు వద్దాం. మొదట తెలుసుకోవాల్సింది, 1948కి ముందు ఆ ఊరు ఎవరి కింద ఉండేదన్నది. నేరుగా ప్రభుత్వం కింద ఉన్న దివానీ గ్రామమా, నిజాం సొంత ఆస్తి సర్ఫెఖాసా, పాయిగా ప్రభువులదా, వేరేవాళ్లకు ఇచ్చేసిన జాగీరా, లేక గద్వాల, వనపర్తి, జటప్రోలు లాంటి సామంత సంస్థానమా? దివానీ గ్రామాలకు సర్వే, ఆ సర్వేతో ఏ నంబరు ఎవరిదో రాసే సేత్వార్ అనే మొదటి రిజిస్టరు ముందే జరిగాయి. జాగీర్లు 1949లో రద్దయ్యాయి, చాలా జాగీరు గ్రామాల్లో ప్రభుత్వ రికార్డు సరిగ్గా మొదలైంది ఆ తర్వాతే. మీ ఊరు జాగీరైతే 1930ల సేత్వార్ దొరకలేదని పోయిందనుకోవద్దు, అసలు ఉండకపోవచ్చు.

భూమి ఉన్న కుటుంబమైతే సర్వే నంబరే ప్రధానమైన పట్టు. ఇప్పటి పాస్‌బుక్కులోని సర్వే నంబరు తీసుకోండి. దాన్ని పట్టుకుని ఏటేటి పహాణీల్లో, అంటే ఏ నంబరు ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో రాసే లెక్కల్లో, వెనక్కి రండి. 1955-58 చెస్లా పహాణీ, దాని వెనక 1954-55 ఖాస్రా పహాణీ, ఆ వెనక సేత్వార్. పహాణీలు తహసీల్దార్ ఆఫీసులో, సేత్వార్, గ్రామపటం సర్వే ల్యాండ్ రికార్డుల శాఖలో అడగాలి. నకలు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మండల స్థాయిలో రుసుము 5 రూపాయలు, గడువు 30 రోజులు. దరఖాస్తులో గ్రామం, పాత తాలూకా, సర్వే నంబరు, సంవత్సరం నాలుగూ రాయండి. “మా వంశ వివరాలు ఇప్పించగలరు” అని రాస్తే ఏమీ రాదు. 87 నంబరు 87/అ, 87/ఆ అని చీలినా మూల సంఖ్య నిలిచే ఉంటుంది. రివిజన్ సర్వే జరిగిన ఊళ్లలో నంబర్లే మారిపోయాయి, అక్కడ పాత నంబరుకు కొత్త నంబరు చూపే పట్టిక కూడా అడగాలి.

సర్వే నంబరును ఇంత గట్టిగా పట్టుకోమనడానికి కారణం లిపి. హైదరాబాద్ రాజ్యంలో 1880ల వరకు ప్రభుత్వ భాష పారసీ, తర్వాత ఉర్దూ. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మొగలుల నాటి నుంచి ఉన్న కాగితాల్లో అత్యధికం ఈ రెండు భాషలవే. తెలుగు ఇంటిపేరు ఆ లిపిలోకి దిగితే ఏమవుతుందో చూడండి. కాఫ్, నూన్, దాల్, వావ్, రే, యే అని ఆరు అక్షరాలు వరసగా ఉన్నాయనుకుందాం. హ్రస్వాచ్చులు రాయరు కనుక మొదటిది క, కి, కు, కొ ఏదైనా కావచ్చు. గాఫ్‌కు పైన రెండు గీతలుండాలి, గుమాస్తా ఒకటే గీస్తే గ కూడా కాఫ్ లాగే ఉంటుంది. డ రాయాలంటే దాల్ మీద చిన్న తోయ్ పెట్టాలి, తొందరలో వదిలేస్తే ద, డ రెండూ ఒకటే. ఆ ఆరు అక్షరాలను కందూరి అనీ, కుందూరి అనీ, కొండూరి అనీ, గుండూరి అనీ, గండూరి అనీ చదవొచ్చు. అన్నీ న్యాయమే. ణ, న రెంటికీ ఒకే నూన్, ల, ళ రెంటికీ ఒకే లామ్. ఇక తొందరగా గొలుసుకట్టుగా రాసే షికస్తా రాతలో చుక్కలు ఎగిరిపోతాయి. చుక్కలు లేకపోతే మాట మధ్యలో బ, ప, త, న ఒకే పన్నుగీతలా ఉంటాయి, చ, జ తేడా తెలియదు. ఉర్దూ బాగా వచ్చినవాళ్లు కూడా తెలుగు ఇంటిపేరు తెలియకపోతే తమకు అలవాటైన పేరుగా చదివేస్తారు. అరుదైన పేరు అలా సాధారణమైన పేరుగా మారిపోయి చేతికొస్తుంది.

అందుకే ఉర్దూ కాగితాన్ని విడిగా చదివించి నమ్మకూడదు. అదే సర్వే నంబరుకు తర్వాతి ఏళ్లలో తెలుగులో రాసిన పహాణీ పక్కన పెట్టుకుని, పట్టాదారు పేరు, తండ్రి పేరు, విస్తీర్ణం మూడూ కలిశాయో లేదో చూడాలి. ఎకరాలు గుంటలు కలిసి, తండ్రి పేరు కలిసి, ఇంటిపేరు ఒక్కటే తేడాగా ఉంటే అది లిపి తేడా. విస్తీర్ణమే మారితే మధ్యలో అమ్మకమో పంపకమో జరిగింది, ఆ కాగితం వెతకాలి. చదివేవారికి మీ ఇంటిపేరు ముందే చెప్పొద్దు. ముందు చెబితే అదే కనబడుతుంది. అక్షరాల వరస మాత్రం రాసిమ్మనండి, ఎన్ని రకాలుగా చదవొచ్చో మీరు తర్వాత లెక్క వేసుకోండి.

భూమి లేని కుటుంబాలకు దారి లేదనుకోవద్దు. వతన్ పనులు, అంటే తరతరాల గ్రామోద్యోగాలు చేసినవాళ్లు, లెక్కలు రాసే పట్వారీ, శిస్తు వసూలు చేసే మాలీపటేలు, పోలీసుపటేలు మాత్రమే కాదు, చెరువు నీళ్లు పంచే నీరడి, తలారి, సేత్‌సింధీ లాంటి ఊరి సేవకుల కుటుంబాలు కూడా వారసత్వం మారినప్పుడల్లా దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చేది. ఇనాం భూములు, అంటే మాన్యాలు ఉన్న పూజారులు, ఫకీర్లు, మఠాలు ఆ మాన్యాల మీద జరిగే అతియాత్ విచారణల్లో హక్కు నిరూపించుకునేవాళ్లు. ఆ దస్త్రాల్లో షజ్రా అని ఒక కాగితం ఉంటుంది, అది వంశవృక్షమే. వారసుడెవరో తేల్చడానికి వేయించింది కనుక మగవాళ్ల వరస, దత్తతలు, కొన్ని చోట్ల భార్యల పేర్లు కూడా దొరుకుతాయి. తగువులో వేసిన షజ్రా అయితే ఎదుటి పక్షం వేసిన షజ్రా కూడా తప్పక చూడండి. ఒకరు దాచిన శాఖ రెండోవారి కాగితంలో ఉంటుంది.

కోస్తా, రాయలసీమ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాల రికార్డు మద్రాసు ప్రెసిడెన్సీది. అక్కడ అడగాల్సినవి ఇక్కడి పహాణీ లాంటి అడంగల్, ఇంగ్లిషు తెలుగు రెండింట్లో ఉండే డైగ్లాట్ రిజిస్టరు, 1858లో మొదలైన ఇనాం కమిషన్ తయారుచేయించిన ఇనాం ఫెయిర్ రిజిస్టరు. తెలుగులో రాసి ఉండడం వల్ల లిపి బాధ తక్కువ. కాలిన్ మెకంజీ కావలి సోదరుల సాయంతో సేకరించిన గ్రామ కైఫియత్తుల్లో, అంటే ఊళ్ల చరిత్రల్లో, కరణాల వంశాల వివరాలు ఉన్నాయి, అవీ ఎక్కువగా ఆ ప్రాంతాలవే.

అచ్చు పుస్తకాల్లో రెండు చెప్పుకోవాలి. 1920లో సయ్యద్ సిరాజుల్ హసన్ నిజాం రాజ్యంలోని కులాల మీద వేసిన ఇంగ్లిషు గ్రంథంలో ఆయా కులాల ఇంటిపేర్ల జాబితాలున్నాయి. స్పెల్లింగులు జాగ్రత్తగా చూసుకోవాలి. 1934లో సురవరం ప్రతాపరెడ్డి గారు వెలువరించిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవుల వివరాలున్నాయి. 1934లో మీ ఇంటిపేరుతో ఒక కవి ఉంటే ఆ శాఖ అప్పుడెక్కడుందో తెలిసినట్టే. ఈ సంచికను తిరగేయకుండా తెలంగాణ ఇంటిపేరు మీద ఎవరూ రాయకూడదని మా అభిప్రాయం.

సంవత్సరాల లెక్కలో జరిగే పొరపాట్లు వంశవృక్షాన్నే తలకిందులు చేస్తాయి. రెవెన్యూ కాగితాల్లో వాడే హైదరాబాద్ ఫస్లీ సంవత్సరం ఆజూరు నెలతో, అంటే అక్టోబరులో మొదలవుతుంది. 1358 ఫస్లీ అంటే 1948 అక్టోబరు నుంచి 1949 అక్టోబరు దాకా. అక్టోబరు నుంచి డిసెంబరు వరకైతే 590, తర్వాతి నెలలకు 591 కలపాలి. కాగితం మీద హిజ్రీ కూడా ఉండొచ్చు. 1300 ఫస్లీ 1890-91, 1300 హిజ్రీ 1882-83. రెంటినీ కలగాపులగం చేస్తే ఎనిమిదేళ్లు తప్పుతుంది. ఇంట్లోని జాతకాల్లో, పద్దు పుస్తకాల్లో సంవత్సరం పేరు మాత్రమే ఉంటే మరీ ప్రమాదం. ప్లవ అంటే 1901-02 కావచ్చు, 1961-62 కావచ్చు. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం మనది. అరవై ఏళ్ల తేడాలో అదే పేరు, అదే తండ్రి పేరు మళ్లీ వస్తాయి. ఇద్దరు మనుషులు ఒకరైపోయి మధ్య తరాలు మాయమవుతాయి. తిథి, వారం రెండూ ఉంటే పంచాంగంతో సరిచూస్తే ఏ ప్లవో తేలిపోతుంది.

శాసనాల విషయంలో గట్టిగా చెప్పాలి. కాకతీయుల నాటి శాసనంలో తమ ఇంటిపేరు కనబడగానే ఆ సామంతుడు తమ పూర్వీకుడని రాసేవాళ్లు పెరిగారు. 1213 నాటి రామప్ప గుడి శాసనం వేయించిన రుద్రుడు రేచర్ల వంశంవాడు. ఆనాడు వంశం పేరుగా ఉన్న రేచర్ల ఈనాడు వెలమల్లో గోత్రం. పేరు ఒకటే అయినా దాని పని మారింది. ఎనిమిది వందల ఏళ్ల మధ్య ఒక్క కాగితమూ లేకుండా రెండు కొసలనూ ముడివేయడం చరిత్ర కాదు. శాసనం ఉపయోగపడేది ఊరిపేరు ఎంత పాతదో, ఆనాడు ఎలా రాసేవాళ్లో చూపడానికి.

ఊరితో సంబంధం లేని ఇంటిపేర్లు కూడా ఉన్నాయి. నేని, బోయిన, శెట్టి, ఓజు లాంటి చివరలున్నవి చాలావరకు ఒక మనిషి పేరు మీద వచ్చినవి. వాటిలో ముందు భాగమే మూలపురుషుడి పేరు, అది ఎంత అరుదైతే వెతకడం అంత సులువు. దేశ్‌ముఖ్, దేశ్‌పాండే, పట్వారీ లాంటివి పదవులు. పదవి ఇంటిపేరైన చోట దాని కింద పాత ఇంటిపేరు ఒకటి ఉంటుంది, పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు పెద్దలు దాన్నే చెబుతారు. పాతబస్తీలోని మాల్‌వాలా కుటుంబం పేరు దఫ్తర్-ఇ-మాల్ అనే రెవెన్యూ దఫ్తరు నుంచి వచ్చింది. వానమామలై లాంటివి ఇంకో రకం. తిరునెల్వేలి జిల్లా నాంగునేరికి మరో పేరు అది, అక్కడి వైష్ణవ మఠానికీ అదే పేరు. అలాంటి ఇంటిపేరు వలసకు గుర్తో, మఠశిష్యరికానికి గుర్తో కుటుంబ సంప్రదాయం చూసి తేల్చాలి.

ఇప్పుడు జరుగుతున్న నష్టం గురించి ఒక మాట. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో తండ్రి పేరు రాయించుకోవడం, ఇంటిపేరును ఒక అక్షరానికి కుదించి ఆ అక్షరం దేనిదో పిల్లలకు చెప్పకపోవడం మామూలైపోయింది. వందల ఏళ్లు నిలిచిన అరుదైన పేరు ఒక దరఖాస్తు గడి దగ్గర ఆగిపోవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. పుట్టిన తేదీ సర్టిఫికెట్‌లోనే పూర్తి ఇంటిపేరు తెలుగులో, ఇంగ్లిషులో ఒకే పద్ధతిగా రాయించండి. తెలుగు రూపాన్ని ఇంగ్లిషు నుంచి తిప్పించకుండా మీరే రాసివ్వండి.

1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయ్యాక పాత కాగితాలు కొన్ని ఇళ్లలోనే మిగిలాయి. అలాంటి కట్ట మీ ఇంట్లో ఉంటే ల్యామినేషన్ చేయించకండి, సెల్లోటేపు అంటించకండి. రెండూ కాగితాన్ని శాశ్వతంగా పాడుచేస్తాయి. కట్ట విప్పేముందు పైనుంచి కింది దాకా వరస నంబర్లు వేసిన చీటీలు పెట్టుకోండి, ఎందుకంటే తేదీ లేని కాగితానికి ముందూ వెనకా ఉన్న కాగితాలే తేదీ చెబుతాయి. ఎండ నేరుగా పడని పగటి వెలుగులో రెండు వైపులా ఫొటో తీయండి. వెనక వైపు ఖాళీగా ఉందని వదిలేయొద్దు, మొహర్లు, స్టాంపు వెండరు రాసిన తేదీలు అక్కడే ఉంటాయి.

సంపాదకులకు మా మనవి ఇదీ. ఇంటిపేర్ల మీద ఉత్తరాలు వేసేటప్పుడు రాసినవారిని నాలుగు వివరాలు అడిగి వేయండి: స్వగ్రామం దాని పాత తాలూకాతో సహా, గోత్రం ఉంటే గోత్రం, ఇలవేల్పు ఉన్న చోటు, ఆ ఇంటిపేరు కనబడిన అతి పాత కాగితం ఏదో, ఏ సంవత్సరానిదో. ఈ నాలుగూ అచ్చయితే వేరే జిల్లాలో అదే ఇంటిపేరుతో ఉన్న పాఠకుడు తన కాగితం తీసి పోల్చుకోగలడు.

ఇట్లు,
పాత రికార్డులు చదివే కొందరు పాఠకులు,
హైదరాబాద్